14 అడుగుల సాలెవీధి ఇల్లు: కూల్చాలా, అపార్ట్‌మెంటుకి ఇచ్చేయాలా, అమ్మ కుర్చీకి దారెలా?

పడుగుపేక (బరంపురం, ఒడిశా) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి పోవడమే, రాయడం ఇదే మొదలు.

మాది సాలెవీధిలో తాతల నాటి ఇల్లు. వెడల్పు 14 అడుగులు, పొడవు 82. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. ముందు 5 అడుగుల అరుగు, తర్వాత ముందుగది, ఆపైన మగ్గం గది. రెండు గుంట మగ్గాల్లో ఒకటి ఇంకా ఆడుతోంది, రెండోదాని మీద పలకలు పరిచేశాం. ఆ వెనక చీకటి గది. పగలు కూడా లైటు వేసుకోవాలి. దాని తర్వాత పైకప్పు లేని 8 అడుగుల తొట్టి, వంటిల్లు, చిట్టచివర స్నానాలగది, వెనక సందు.

తాత కట్టించినప్పుడు వీధిలోంచి అరుగెక్కడానికి 5 మెట్లు ఉండేవని నాన్న చెప్పేవారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇప్పుడు రెండే మెట్లు మిగిలాయి. టేపుతో కొలిస్తే 14 అంగుళాలు. గట్టి వానొస్తే నీళ్లు అరుగంచు దాకా వస్తాయి.

పోయినేడు అమ్మకి పక్షవాతం వచ్చింది, ఎడమవైపు పోయింది. చక్రాల కుర్చీ కొన్నాం. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే నేనూ మా బావమరిదీ కుర్చీతో సహా ఎత్తి దింపాలి. ఎనిమిది నెలలుగా ఆవిడ అరుగు మీదకే రాలేదు. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరలో ఘటం మా వీధిలోంచి వెళ్తుంటే అక్కడే కూచుని చూసే మనిషి.

హైదరాబాదులో ఉన్న తమ్ముడు నాలుగిళ్లు కలిపి బిల్డరుకి ఇచ్చేద్దాం, తలా ఒక ఫ్లాటు వస్తుంది, లిఫ్టు ఉంటుంది అంటున్నాడు. నాకేమీ తోచట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

—

హిల్‌పట్నా_రావు | శనివారం రాత్రి 10:05

మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. 14 అడుగుల సొరంగంలో ఎన్నాళ్లుంటారు? లిఫ్టు, పార్కింగు, కాపలా మనిషి, అన్నీ వస్తాయి. సెంటిమెంటు పక్కన పెట్టండి.

—

రాయగడ_పిల్ల | శనివారం రాత్రి 10:31

రావుగారూ, మగ్గం ఏ అంతస్తులో వేసుకుంటారు?

నేను ప్లానింగ్ చదువుతున్నాను. గుంట మగ్గానికి నేలలో గొయ్యి కావాలి, కాళ్లు అందులో పెట్టి తొక్కుతారు. శ్లాబు మీద గొయ్యి తీయలేం. పైగా పడుగు, అంటే నిలువు దారాలు, సాచడానికి పొడవు కావాలి. అందుకే ఆ ఇళ్లు అంత సన్నగా, అంత పొడుగ్గా ఉంటాయి. నేతపని తీర్చిన ఆకారం అది. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, మంచిదే. నేసే ఇంటికి కూడా ఎవరైనా గుర్తింపిస్తే బాగుండు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో పేదవర్గాల ఇంటికి 30 చదరపు మీటర్లని లెక్క కట్టారు, అంటే 323 చదరపు అడుగులు. అందులో మంచం పడుతుంది, పొయ్యి పడుతుంది. మగ్గం పెడితే మంచం బయటికి పోవాలి.

—

హిల్‌పట్నా_రావు | శనివారం రాత్రి 10:38

అమ్మాయ్, ఆయన అడిగింది ఆవాస్ యోజన గురించి కాదు. ఆయన సొంత స్థలం. ఇంకో పదేళ్లకి ఎవరు నేస్తారు?

—

పడుగుపేక | శనివారం రాత్రి 10:52

మా పెద్దనాన్న కొడుకు నేస్తున్నాడండీ, ఆ మగ్గం మీదే. జోడు ధోవతులు. వాడికి రోజుకింతని వస్తేనే ఇల్లు గడుస్తుంది.

—

గోడమేస్త్రి (పర్లాకిమిడి) | ఆదివారం ఉదయం 6:15

పొద్దున్నే చూశాను. ఇరవయ్యేళ్లుగా కడుతున్నాను కాబట్టి సూటిగా చెప్తా.

ఉమ్మడి గోడ ఉన్న ఇల్లు మీరొక్కరే కూల్చారంటే పక్కవాళ్ల గోడకి ఆసరా పోతుంది. పాత గోడలు మట్టి ముద్దతో కట్టినవైతే మరీను. ముందు గోడ ఎంత మందముందో, దూలాలు ఎవరి గోడలో దిగాయో చూసుకోండి. రెండు వైపుల దూలాలూ ఒకే గోడలో దిగుంటే మీ ఇల్లు మీది, గోడ ఇద్దరిదీ. అది కాగితం మీద రాసుకోకుండా పలుగు పట్టుకోవద్దు.

రెండోది గాలి. మన తీర గంజానికి భవనాల కోడు ప్రకారం సెకనుకి 50 మీటర్ల గాలి లెక్క, గంటకి 180 కిలోమీటర్లు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు 200 కూడా దాటింది. ఆ మర్నాడు నేను చూసిన ఇళ్లలో సగానికి సగం ఒకే జబ్బు. వసారా రేకు, ఇంటి కప్పు ఒకే ముక్కగా వేసుకున్నారు. గాలి వసారా కిందకి దూరి పైకి తన్నింది, వసారాతోపాటు ఇంటి కప్పూ లేచిపోయింది. వసారా కప్పు ఎప్పుడూ విడిగా ఉండాలి. పోతే అదొక్కటే పోవాలి. తలుపులు, కిటికీల పైన లింటెల్ మీద కాంక్రీటు బెల్టు ఇంటి చుట్టూ తిరగాలి, మధ్యలో తెగకూడదు. ఇవి రెండూ చేస్తే మీ పాతిల్లు ఇంకో తరం నిలుస్తుంది.

కూల్చడమంటే నాకు పని దొరుకుతుంది. అయినా వద్దంటున్నా.

—

సంద్రంమావ (గోపాల్‌పూర్ పక్క) | ఆదివారం ఉదయం 7:02

మేస్త్రి సెప్పింది నిజం బాబూ. మావోళ్ల రేకులు సరుగుడు తోటలో దొరికాయి ఆయేల.

నాను సదువుకోనోడ్ని, మా మనవడు టైపు సేస్తన్నాడు. ఒక మాట సెప్తాను. తుపాను తరవాత మావోళ్లకి పక్కా ఇళ్లు కట్టారు, శ్లాబు ఇళ్లు. మంచివే, కాదన్ను. గాలికి బయం లేదు. అయితే వల ఎక్కడ ఎయ్యాలి? పాత ఇంటి ముందర ఇసక జాగా ఉండేది. అక్కడే వల ఆరేసేటోళ్లం, అక్కడే అల్లేటోళ్లం, ఆడోళ్లు అక్కడే సేప ఎండబెట్టేటోళ్లు. కొత్త వరసలో ఇంటికీ ఇంటికీ మజ్జ సిమెంటు రోడ్డు. సిమెంటు మీద ఎండేసిన సేప సూడు ఎలగుంటాదో, కింద మాడిపోయి పైన పచ్చి.

పొడంపేట సంగతి తెలుసుగా, సంద్రం ఊరినే తినేసింది. ఆళ్లని ఎనక్కి పంపడం తప్పదు. కానీ ఎనక్కెళితే పడవ కాడికి నడక. తెల్లారగట్ల మూడింటికి ఏటకెళ్లేటోడు సంద్రం సూడకుండా ఎలగ బయల్దేరతాడు? ఇంట్లోంచి సూసి గాలి ఎటుందో సెప్పేటోళ్లం మేం.

—

జయపురం_టీచరమ్మ | ఆదివారం ఉదయం 9:20

సంద్రంమావగారూ, మీ మనవడికి నా ఆశీస్సులు. ఉన్నదున్నట్టు మీ మాటే టైపు చేస్తున్నాడు.

పడుగుపేక బాబూ, నేను రిటైరై పదకొండేళ్లయింది. అరుగు గురించి ఒక మాట. మగవాళ్లు చీట్లపేక కోసమని అనుకుంటారు గానీ, అరుగుంటే సాయంత్రం ఏడింటికి ట్యూషన్ నించి వచ్చే ఆడపిల్లకి వీధి చివరి దాకా తెలిసిన మొహాలే. మా కాలనీలో గేట్లు, ఎత్తుగోడలు. ఇళ్లన్నీ వీధికి వీపు పెట్టుకుని కూచున్నట్టుంటాయి. పోయిన కార్తీకంలో నేను గేటు బయట జారిపడితే పావుగంట ఎవరికీ తెలీలేదు. కాలు బెణికింది, అంతే. కానీ ఆ పావుగంట మర్చిపోలేను.

మీ అమ్మగారిని అరుగు మీదకి చేర్చండి. మిగతావి తర్వాత.

—

చక్రాలవాసు (గుణుపురం) | ఆదివారం ఉదయం 11:47

నేను పదహారేళ్లుగా కుర్చీలోనే ఉన్నాను. ఇలాంటి చర్చల్లో అందరూ ‘ఒక ర్యాంపు వేసేయండి’ అని వెళ్లిపోతారు. లెక్క చెప్తాను, రాసుకోండి.

ప్రమాణం ఒకటికి పన్నెండు. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు. మీకు 14 అంగుళాలు, అంటే 14 అడుగుల ర్యాంపు. అంతకంటే నిటారుగా ఉంటే ఎక్కించేవాడికి నడుం పోతుంది, దిగేటప్పుడు అమ్మగారి ప్రాణం నోట్లోకొస్తుంది. కుర్చీ తిరగడానికి పైన 5 అడుగుల చదును కావాలి, కింద ఇంకో 5 అడుగులు. వెడల్పు 4 అడుగులు. రెండు వైపులా పట్టుకోడానికి పైపు, అంచున చక్రం జారకుండా చిన్న గట్టు.

ఎదురుగా వీధిలోకి దించితే రోడ్డు సగం పోతుంది, ఎవడో ఒకడు తీసేయమంటాడు. గోడవారగా అరుగు మీదుగానే వేసుకోవాలి.

తలుపు ఎంత వెడల్పు? పాత ఇళ్లలో రెండున్నర అడుగులుంటాయి, చేతివేళ్లు చెక్కుకుపోతాయి. 3 అడుగులు ఉండాలి. ఇక గడప. అది మెట్టే. ఎంతెత్తు?

స్నానాలగది తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. ఇది చాలామందికి తట్టదు. లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డం, బయటివాళ్లు తీయలేరు. నేనొకసారి అలా అరగంట ఉన్నాను.

—

పడుగుపేక | ఆదివారం మధ్యాహ్నం 1:10

వాసుగారూ, మీరు రాసింది చదివి కొలిచి వచ్చాను. తలుపు 31 అంగుళాలు. గడప నాలుగున్నర అంగుళాలు, టేకు, ఇత్తడి పువ్వులున్నది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసేది అమ్మే. తీసేద్దామంటే ‘నేను పోయాక తీయండి’ అంది.

ఇంకో చిక్కు. మా ఇంటి ముందు మొత్తం 14 అడుగులే. ర్యాంపుకే 14 పోతే మీరు చెప్పిన చదునులు ఎక్కడ?

—

గోడమేస్త్రి | ఆదివారం మధ్యాహ్నం 1:34

గడప తీయక్కర్లేదు. లోపలా బయటా నేల లేపొచ్చు. పాత ఇంట్లో గచ్చు ఎలాగూ పగిలుంటుంది. ముందుగదిలో నేల 4 అంగుళాలు లేపితే గడప పైకి అరంగుళమే కనిపిస్తుంది, దాని అంచు ఏటవాలుగా చెక్కిస్తే చక్రం ఎక్కేస్తుంది. ఇత్తడి పువ్వులుండేది గడప పై ముఖం మీదేగా, ఉంటాయి. పసుపూ ఉంటుంది.

అయితే అరుగూ 4 లేపాలి. అప్పుడు ఎత్తు 18 అంగుళాలవుతుంది, ర్యాంపు 18 అడుగులవుతుంది. నీళ్ల బాధకి మాత్రం మంచిదే.

—

రాయగడ_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 2:03

అసలు గొడవంతా ఇక్కడే ఉందండీ. వరద, తుపాను చూసుకునేవాళ్లు ‘ఇల్లు పైకెత్తు’ అంటారు. నడవలేనివాళ్ల గురించి ఆలోచించేవాళ్లు ‘కిందకి దించు’ అంటారు. రెండు రూల్సూ రెండు వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి, ఒకే మనిషి ఇంట్లో గుద్దుకుంటాయి. 2 అడుగుల బేస్‌మట్టం అంటే 24 అడుగుల ర్యాంపు. పథకం ఇళ్లకి ఇచ్చే స్థలంలో అంత ఎక్కడుంటుంది? పల్లెల్లో ఆవాస్ యోజన ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు. ఇల్లంతా కలిపినా అంత పొడవుండదు.

రోడ్డు సంగతి కూడా. కొత్త పొర వేసేముందు పాతది గీరి తీస్తే ఎత్తు పెరగదు. గీరడానికి ఖర్చు, పొర వేయడానికి బిల్లు. అందుకని గీరరు. వీధిలో ఒక ఇల్లు తన బేస్‌మట్టం లేపుకుంటే ఆ నీళ్లు పక్కింట్లోకి పోతాయి, వాళ్లూ లేపుతారు, చివరికి లేపలేనివాడింట్లో చెరువు.

—

మౌనంగా_చదివేవాడు | ఆదివారం మధ్యాహ్నం 2:20

ఆ చివరివాడిని నేనే.

—

హిల్‌పట్నా_రావు | ఆదివారం సాయంత్రం 4:45

అందరూ ఇంత చెప్పాక కూడా నా మాట నాదే, ఫ్లాటు తీసుకుంటే ఈ బాధలేవీ లేవు.

—

చక్రాలవాసు | ఆదివారం సాయంత్రం 5:01

రావుగారూ, కరెంటు పోతే?

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో మా అత్తవారి వైపు రోజుల తరబడి కరెంటు లేదు. నాలుగో అంతస్తులో నేనుంటే కిందకెలా దిగాలి? లిఫ్టు వద్దనను. కానీ నాలాంటివాడికి నేలమీద ఇల్లుంటే లిఫ్టు ఉన్న ఇంటికంటే అదే నయం. బిల్డరుతో ఒప్పందం చేసుకుంటే కింది అంతస్తు ఫ్లాటు మీదని కాగితం మీద రాయించుకోండి. కింద పార్కింగు, పైన మనుషులు, ఇప్పుడంతా అదే ఫ్యాషను.

—

సిరోంచ_బిడ్డ (గడ్చిరోలి) | ఆదివారం రాత్రి 8:15

మాది మహారాష్ట్ర దిక్కు, ప్రాణహిత ఒడ్డు. 2022 జూలైల గోదావరి పొంగినప్పుడు మా దిక్కు ఊళ్లకు ఊళ్లు గుట్ట మీదకు పోయినయి. మీ ముచ్చట చదివి ఒక్కటి అడుగుతున్న. ఎండకాలం సంగతి ఎవలూ అంటలేరు గదా? మా తాన మే నెలల రేకుల ఇంట్ల పగలు కూసోలేం. అమ్మ మంచంల ఉంటే రేకు కింద ఉంచకుండ్రి. పైన సున్నం కొట్టుండ్రి, తెల్లగ, రెండు మూడు పూతలు. తెలంగాణల 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చిండ్రు గదా, అసలు కిటుకు ఇదే. ఎండను తిప్పికొడ్తది, అంతే.

—

గోడమేస్త్రి | ఆదివారం రాత్రి 8:40

సున్నం మాట బంగారం. అయితే అసలు చల్లదనం తొట్టిలో ఉంది. పడుగుపేకగారూ, ఆ తొట్టి మీద శ్లాబు వేయాలన్న ఆలోచన మీకుందా లేదా?

—

పడుగుపేక | ఆదివారం రాత్రి 8:58

తమ్ముడికి ఉంది. ‘ఒక గది కలిసొస్తుంది’ అంటాడు.

—

గోడమేస్త్రి | ఆదివారం రాత్రి 9:12

ఒక గది కలిసొస్తుంది, మూడు గదులు చస్తాయి. రెండు వైపులా ఉమ్మడి గోడ. కిటికీ పెట్టడానికి ముందూ వెనకా తప్ప చోటు లేదు. మధ్యలో గాలొచ్చే రంధ్రం ఆ తొట్టి ఒక్కటే. వేడిగాలి అందులోంచి పైకి పోతుంది, వీధిలోంచి చల్లగాలి లోపలికి లాగుతుంది. మన తేమ వేడి ప్రాంతంలో గది నేలలో ఆరో వంతు కిటికీలుండాలని భవన నియమావళిలోనే ఉంది. మీ చీకటి గదికి ఆరో వంతు ఎక్కణ్ణించి తెస్తారు? తొట్టి వైపు గోడకి పెద్ద కిటికీ కొట్టండి. వానకి భయమైతే తొట్టి పైన అంచుకంటే రెండడుగుల ఎత్తులో చిన్న పందిరి కప్పు వేయండి, చుట్టూ గాలి పోయేలా. దానికీ అదే మాట: ఇంటి కప్పుతో కలపొద్దు, విడిగా కట్టండి.

ఎక్కడైనా కొత్త కప్పు వేయాల్సొస్తే మధ్యలో నాటు పెంకులు పెట్టి శ్లాబు పోయండి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు జీవితమంతా చేసి చూపించిన పద్ధతే. శ్లాబులో కింది సగం కాంక్రీటు బరువు మోసేది తక్కువ, ఆ చోట పెంకు పెడితే సిమెంటు మిగులుతుంది, వేడీ తక్కువ దిగుతుంది. మీ దగ్గర కుమ్మరుల ఇళ్లలో పెంకు ఇంకా దొరుకుతుంది, కాకపోతే బేరమాడకండి.

—

రాయగడ_పిల్ల | ఆదివారం రాత్రి 9:30

తమ్ముడుగారికి నా తరఫున ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశీగారి సంగతి చెప్పండి. ఇందోర్‌లో అరణ్య అని 1980లలో కట్టారు, సుమారు 6,500 ఇళ్ల స్థలాలు. చాలామందికి ఇచ్చింది పునాది, మరుగుదొడ్డి, నీళ్ల గొట్టం. మిగతాది ఎవరికి డబ్బు కలిసినప్పుడు వాళ్లు కట్టుకున్నారు. ఒకడు కొట్టు పెట్టాడు, ఒకడు మేడ వేశాడు. దానికి 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది, ఆయనకి 2018లో ప్రిట్జ్‌కర్ అనే పెద్ద వాస్తుశిల్ప బహుమతి. ఒకేసారి అంతా కట్టెయ్యక్కర్లేదని చెప్పడానికే ఇది. ముందు అరుగు, తలుపు, స్నానాలగది చేయించండి. చీకటి గది వచ్చే ఏడు.

—

సంద్రంమావ | సోమవారం ఉదయం 5:50

మా సెల్లెలి కూతురిది బస్తీ ఇల్లు, గంజాంలోనే చిన్న పట్నం. 2017లో సట్టం ఒచ్చింది కదా బస్తీ జాగాకి కాయితం ఇమ్మని, జగా మిషన్ అన్నారు. డ్రోను ఎగరేసి ఇళ్లు కొలిసారు. పిల్లలందరూ దాని ఎనకాల పరిగెత్తారు. కాయితం మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరునా ఒచ్చింది. అమ్మడానికి నేదు, పిల్లలకి ఒస్తాది, బేంకులో పెట్టుకోవచ్చు. ఆ కాయితం ఒచ్చిన ఏడే అది మరుగుదొడ్డి కట్టించింది. అంతకుముందు ఎందుకు కట్టలేదే అంటే, ‘రేపు పీకేత్తే?’ అంది.

మీ వీదిలో ముందు కాయితాలు ఎవలి పేరున ఉన్నాయో సూసుకోండి. తాత పేరునే ఉంటే ఆ బిల్డరుకి అంతకంటే సులువు పని ఇంకోటి నేదు.

—

జయపురం_టీచరమ్మ | సోమవారం ఉదయం 8:30

ఆయన చెప్పిన కాగితం మాటకి ఒకటి కలుపుతాను. ఊరి ప్లాను గురించి అభ్యంతరాలు చెప్పమని నోటీసు వేస్తారు, ఒడియాలోనో ఇంగ్లీషులోనో. మనలో ముసలివాళ్లు ఒడియా మాట్లాడతారు, చదవలేరు. మా వీధి వెడల్పు చేస్తారన్న సంగతి మాకు గోడమీద ఎర్రగీత గీశాక తెలిసింది. వీధికొకరు చదువుకున్న పిల్ల నోటీసులు చదివి అరుగు మీద తెలుగులో చెప్తే చాలు. రాయగడ పిల్లా, నీకే చెప్తున్నాను.

—

రాయగడ_పిల్ల | సోమవారం ఉదయం 8:41

చేస్తాను టీచరమ్మా. మొదటి నోటీసు మీరే ఫొటో తీసి పెట్టండి.

—

పడుగుపేక | బుధవారం రాత్రి 10:15

అందరికీ దండాలు. రెండ్రోజులు కనపడలేదు, పక్కింటి మౌసితో (ఒడియాలో పిన్ని, ఆవిడ భర్త మౌసా) చర్చలు నడిచాయి.

సంగతేమిటంటే, మా 14 అడుగుల్లో ర్యాంపు పట్టదు. పక్కింటిదీ 14 అడుగులే, వాళ్ల తలుపు అటు చివర ఉంది, మాది ఇటు చివర. రెండు అరుగులూ కలిపితే 28 అడుగులు. పక్కింటి అరుగు మీద వీధి మట్టంలో మొదలై మా తలుపు దగ్గర ముగిసేలా వేస్తే 18 అడుగుల వాలు, పైన 5, కింద 5. సరిగ్గా 28. మూడుసార్లు కొలిచాను, నమ్మలేక.

అయితే మౌసి అరుగు దాదాపు మొత్తం వాలులోకి పోతుంది. మౌసా సాయంత్రం కూచునేది అక్కడే, ఆవిడ వడియాలు పెట్టేది అక్కడే. సోమవారం ‘చూద్దాం’ అంది. నిన్న ‘మా ఆయన వాలు మీద కూచుంటే వీధిలోకి దొర్లిపోడా’ అంది. ఇవాళ పొద్దున తనే వచ్చి అడిగింది, ‘ఆ పైపు పట్టుకుని నేనూ ఎక్కొచ్చా?’ అని. మోకాళ్ల నొప్పులు ఆవిడకి. రెండు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటుంది, నేనెప్పుడూ గమనించలేదు.

షరతులు మూడు. మౌసా కూచోడానికి మా తలుపు ముందున్న చదునులో గోడవారగా మడతబల్ల. వడియాలకి మా డాబా, మెట్ల తాళం చెవి ఆవిడ దగ్గర ఒకటి. మూడోది, కాగితం మీద రాసుకోవాలి, ‘మీ తమ్ముడు రేపు బిల్డరుని తెస్తే మా అరుగు మాకు తిరిగి కట్టించాలి’ అని. సంద్రంమావ మాట ఆవిడ ఎక్కడ విందో!

తమ్ముడికి ఫోన్ చేశాను. ‘సరే, రెండేళ్లు చూద్దాం’ అన్నాడు. మగ్గం ఉంటుంది, తొట్టి ఉంటుంది.

సాయంత్రం సుద్దముక్కతో అరుగు మీద గీత గీశాను. అమ్మని కుర్చీలో గడప లోపలి దాకా తెచ్చి చూపించాను. చాలాసేపు చూసి, ‘వాలు మీద ముగ్గెలా వేస్తారు, జారిపోదూ?’ అంది.

—

చక్రాలవాసు | బుధవారం రాత్రి 10:29

నున్నటి గచ్చు వేయించకండి, చీపురుతో గీతలు పెట్టించండి. చక్రమూ జారదు, ముగ్గూ జారదు. తలుపు సంగతి తేల్చారా? 31 అంగుళాలన్నారు.

—

గోడమేస్త్రి | బుధవారం రాత్రి 10:44

తలుపు కోసం నేనే వస్తా, శుక్రవారం బరంపురంలో పనుంది. గోడ కొట్టేముందు దూలం ఎక్కడ దిగిందో చూడాలి. టేపు నా దగ్గరుంది, టీ మాత్రం మీదే.